మీ రిపోర్టు, నా జవాబు: ఈసారి అంతా బైల్ యాసిడ్స్ గురించే

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే ఐదింటిలో ఒకే మాట కనిపించింది: బైల్ యాసిడ్స్, అంటే పైత్యరసంలోని ఆమ్లాలు. ఒకప్పుడు ఈ టెస్టు రాసే డాక్టర్లే తక్కువ. ఇప్పుడు హెల్త్ ప్యాకేజీల్లో కూడా కలిపేస్తున్నారు. రిపోర్టులో అంకె పక్కన నక్షత్రం గుర్తు పడితే ఇల్లంతా టెన్షన్. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు ఒక పెద్దాసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి ట్యూబులో ఏం జరుగుతుందో, అంకెను ఎలా చదవాలో చెప్పగలను. మందు మార్చాలా, కాన్పు ఎప్పుడు చేయాలా అన్నది మాత్రం మిమ్మల్ని కళ్ళారా చూసే డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మా అమ్మాయికి తొలి కాన్పు, 33 వారాలు. పదిరోజులుగా అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురద, రాత్రయితే మరీ ఎక్కువ. ఒంటి మీద దద్దుర్లు ఏమీ లేవు. పొద్దున ఎనిమిదింటికి రెండు పెసరట్లు తిని వెళ్ళింది, పదింటికి రక్తం తీశారు. బైల్ యాసిడ్స్ 14.6 వచ్చింది, 10 లోపు ఉండాలని రిపోర్టులో ఉంది. బిలిరుబిన్ (కామెర్ల అంకె) 0.6, ఎస్‌జీపీటీ అనే లివర్ టెస్టు 28. మా వియ్యపురాలు వెంటనే ఆపరేషన్ చేయించి బిడ్డను తీయించేద్దాం అంటున్నారు. పైత్యం ఎక్కువైందని నేను అల్లం, జీలకర్ర కషాయం ఇస్తున్నాను. ఏం చేయమంటారు? (ఒక తల్లి, తణుకు)

జవాబు: అమ్మా, ఆ కషాయం వల్ల హాని లేదు గానీ ఈ దురదకూ దానికీ సంబంధం లేదు. మనం ఇళ్ళల్లో కళ్ళు తిరిగితే, వికారంగా ఉంటే 'పైత్యం చేసింది' అంటాం. ఇది ఆ పైత్యం కాదు. ఎవరైనా చెప్పారని పసరు మందు మాత్రం పట్టకండి, గర్భిణికి అసలే వద్దు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట పెసరట్లు. ఎందుకో చెబుతాను. కాలేయం కొలెస్ట్రాల్ నుంచి బైల్ యాసిడ్స్ తయారుచేస్తుంది. కుంకుడు రసం జుట్టుకు పట్టిన నూనెను ఎలా విడగొడుతుందో, పైత్యరసంలోని ఈ ఆమ్లాలు మనం తిన్న నూనెను, నెయ్యిని అలా విడగొడతాయి. తిననప్పుడు ఇవి చాలావరకు పిత్తాశయంలో నిలవ ఉంటాయి. తినగానే ఆ సంచి ముడుచుకుని పేగులోకి వదిలేస్తుంది. పని అయ్యాక చిన్నపేగు చివరి భాగం వాటిలో నూటికి 95 వంతులు తిరిగి పీల్చుకుని, పోర్టల్ సిర ద్వారా కాలేయానికే పంపుతుంది. ఒంట్లో ఉండేది మొత్తం రెండు నుంచి నాలుగు గ్రాములే, అదే సరుకు రోజుకు చాలాసార్లు ఇలా తిరుగుతుంది. తిరిగి వచ్చినప్పుడు కాలేయం ఎక్కువ భాగం పట్టేసుకుంటుంది, కొంచెం తప్పించుకుని ఒంట్లో రక్తంలోకి వెళ్ళిపోతుంది. చేతి నరంలో రక్తం తీసి మేం కొలిచేది తప్పించుకున్న ఆ కొంచెమే.

అందుకే తిన్నాక గంట, రెండు గంటలకు ఈ అంకె ఆరోగ్యవంతులకు కూడా పెరుగుతుంది. రిపోర్టులో అచ్చయిన 10 అన్నది పరగడుపు లెక్క. మీ అమ్మాయి రక్తం ఇచ్చింది టిఫిన్ అయిన రెండు గంటలకు, అంటే అంకె బాగా పైన ఉండే సమయంలో. బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2022లో ఇచ్చిన సూచనల్లో, తిన్నా తినకపోయినా ఎప్పుడు తీసిన రక్తమైనా సరే, గర్భిణికి 19, ఆపైన ఉంటేనే దీన్ని గర్భధారణలో వచ్చే కొలెస్టాసిస్‌గా, అంటే పైత్యరసం సరిగా పారకపోవడంగా లెక్కించమన్నారు. 10నే గీతగా పట్టుకునే డాక్టర్లూ ఉన్నారు. మీ డాక్టర్ ఏ గీత పాటిస్తున్నారో అడగండి. ఏ గీత పెట్టుకున్నా, 14.6 చూసి 33 వారాలకు బిడ్డను బయటికి తీయాల్సిన పనిలేదు. ఈ మాట నా పేరు చెప్పి మీ వియ్యపురాలికి చదివి వినిపించండి. ఆవిడ భయంలో తప్పులేదు, మనవడో మనవరాలో అన్న ఆత్రం అది.

అలాగని నిశ్చింతగా కూర్చోవద్దు. దద్దుర్లు లేకుండా అరచేతుల్లో, అరికాళ్ళలో రాత్రిపూట పెరిగే దురద ఈ జబ్బు లక్షణమే. దురద ముందు మొదలై అంకె తర్వాత పెరగడం నేను చాలాసార్లు చూశాను. దురద తగ్గకపోతే వారం, పది రోజుల్లో టెస్టు మళ్ళీ చేయించండి, ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు టెస్టులు) కూడా కలిపి. అదే ల్యాబ్‌లో ఇవ్వండి, ఎన్ని గంటలకు తిన్నదీ చెప్పండి. పైత్యరసం బాగా పారడానికి వాడే ఉర్సో టాబ్లెట్లు డాక్టర్ మొదలుపెట్టాలనుకుంటే, మొదలుపెట్టే ముందే శాంపిల్ ఇచ్చేయండి (కారణం కింది ఉత్తరంలో ఉంది). మూత్రం ముదురు రంగుకు మారినా, కళ్ళు పచ్చబడినా ఆగకండి. బిడ్డ కదలికలు తగ్గాయని అనిపిస్తే ఏ రిపోర్టు కోసమూ చూడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళండి.

భయం ఎక్కడ మొదలవ్వాలో కూడా చెప్పాలి. 2019లో లాన్సెట్ పత్రికలో చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. ఒకే బిడ్డ ఉన్న తల్లుల్లో, బైల్ యాసిడ్స్ 40 లోపు ఉంటే కడుపులో బిడ్డ పోవడం వెయ్యికి ఒకటి రెండు. అది మామూలు గర్భాలకు దగ్గరి లెక్కే. 40 నుంచి 99 మధ్య వెయ్యికి మూడు లోపు. 100 దాటితే వెయ్యికి 34. ఎక్కడ ఎగబాకిందో చూడండి. అందుకే 100 దాటితే 35, 36 వారాలకే కాన్పు ఆలోచిస్తారు. 40 నుంచి 99 అయితే 38, 39 వారాలకు, అంతకంటే తక్కువైతే 40 వారాల దాకా ఆగుతారు. కవలలున్నా, బీపీ, షుగర్ లాంటివి తోడైనా లెక్క మారుతుంది.

మేం ఈ టెస్టు మొదలుపెట్టిన కొత్తల్లో జరిగింది ఒకటి చెబుతాను. శనివారం మధ్యాహ్నం ఒక అమ్మాయి శాంపిల్ ఇవ్వడానికి వచ్చింది. కౌంటర్ ముందు చెప్పులు విడిచి, చల్లగా ఉన్న కడప బండల మీద అరికాళ్ళు ఆనించి నిలబడింది. చేతిలో దువ్వెన. 'గోళ్ళు చాలట్లేదు మేడమ్' అంది. అరికాలంతా దువ్వెన పళ్ళ గీతలు, రెండు మూడు చోట్ల రక్తం చెమ్మ. ఆ రోజుల్లో శాంపిళ్ళు పోగేసి వారానికి రెండుసార్లే మెషీన్ మీద పెట్టేవాళ్ళం. ఆదివారం పోయింది, సోమవారం పెడితే 118 వచ్చింది. ఆ రెండు రోజులూ ట్యూబు ఫ్రిజ్‌లో ఉంది, బిడ్డ కడుపులో ఉంది. నేను లేబర్ వార్డుకు పరుగెత్తాను. 36 వారాల బిడ్డ, ఆ రాత్రే పుట్టింది, 2.3 కిలోలు, బాగా ఏడ్చింది. మర్నాటి నుంచి మా ల్యాబ్‌లో గర్భిణుల బైల్ యాసిడ్స్ ఏ రోజువి ఆ రోజే చేయాలని గోడ మీద రాయించాను. మీ రిపోర్టు ఎన్నాళ్ళకు వస్తుందో మీ ల్యాబ్‌ను ముందే అడగండి. నాలుగు రోజులు అంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

కాన్పయ్యాక దురద కొద్దిరోజుల్లో పోతుంది. అయినా నెల దాటాక ఒకసారి ఎల్‌ఎఫ్‌టీ చేయించి, మామూలుకు వచ్చిందని చూసుకోవాలి. జబ్బు ఉందని తేలితే, మలి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు మొదటి విజిట్‌లోనే డాక్టర్‌కు చెప్పాలి.

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్‌లో ఉంటాను, అమ్మ కాకినాడలో. అమ్మకు 61 ఏళ్ళు, బరువు 62 కిలోలు. పీబీసీ అనే లివర్ జబ్బు ఉందని ఉర్సో రోజుకు 900 మిల్లీగ్రాములు రాశారు. ఐదు నెలల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పైత్యనాళాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 412 నుంచి 190కి తగ్గింది. కానీ బైల్ యాసిడ్స్ 22 నుంచి 61కి పెరిగాయి. మందు పడలేదని అమ్మ పన్నెండు రోజుల నుంచి టాబ్లెట్లు మానేసింది. దురద కూడా తగ్గలేదంటోంది. (ఒక కొడుకు)

జవాబు: బాబూ, ఇది చదవగానే అమ్మకు ఫోన్ చేసి, డాక్టర్‌తో మాట్లాడి టాబ్లెట్లు మళ్ళీ మొదలుపెట్టమని చెప్పు. మందు పనిచేస్తోందని ఆ ఫాస్ఫటేజ్ అంకే చెబుతోంది.

61 ఎక్కడి నుంచి వచ్చిందంటావా? ఉర్సో కూడా బైల్ యాసిడే. పూర్తి పేరు ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్. ఉర్సస్ అంటే లాటిన్‌లో ఎలుగుబంటి. ఎలుగుబంటి పైత్యంలో ఎక్కువగా ఉంటుంది, మన ఒంట్లో సహజంగా ఉండేది చాలా కొద్ది. మామూలు ల్యాబ్ పద్ధతిలో ఒక ఎంజైమ్ వాడతాం. బైల్ యాసిడ్స్ అన్నిటికీ ఒకేచోట ఉండే ఒక గుర్తును అది పట్టుకుంటుంది. అది పట్టుకున్న కొద్దీ ట్యూబులో పసుపు రంగు చిక్కబడుతుంది, మెషీన్ ఆ రంగును కొలుస్తుంది. ఆ గుర్తు ఉర్సోకూ ఉంది. కాలేయం చేసింది ఏది, టాబ్లెట్ రూపంలో మింగింది ఏది అన్న తేడా ఎంజైమ్‌కు తెలియదు, రెండూ కలిపి లెక్కకడుతుంది. రోజుకు 900 మిల్లీగ్రాములు మింగే మనిషి రక్తంలో బైల్ యాసిడ్స్‌లో సగం దాకా ఆ టాబ్లెట్‌దే కావచ్చు. విడదీసి చూడాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. అది ఏ రకం ఎంతో విడివిడిగా చెబుతుంది. అమ్మ విషయంలో ఆ ఖర్చు అక్కర్లేదు. ఉర్సో పనిచేస్తోందా లేదా అన్నది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌తో, బిలిరుబిన్‌తో చూస్తారు. ఏడాది నిండాక డాక్టర్ మళ్ళీ లెక్క చూసి, చాలకపోతే రెండో మందు ఆలోచిస్తారు. మోతాదు కిలోకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు ఉండాలి, అమ్మ బరువుకు 900 సరిపోయింది.

దురద సంగతి వేరు. బైల్ యాసిడ్స్ 200 ఉన్నా గోక్కోని మనుషుల్ని చూశాను, 25 ఉన్నా నిద్రపోని వాళ్ళనూ చూశాను. దురదకు ఈ ఆమ్లాలొక్కటే కారణం కాదు, లైసోఫాస్ఫాటిడిక్ యాసిడ్ లాంటి వేరే పదార్థాల పాత్ర కూడా ఉందని పరిశోధనలు సూచిస్తున్నాయి. కాబట్టి 'అంకె ఇంతే కదా, నీకు దురద ఎందుకుంటుంది' అని అమ్మతో ఎవరూ అనకూడదు. ఆవిడ చెప్పేదే కొలత. దురద తగ్గడానికి కొలెస్టిరమైన్ పొడి ఇస్తే మాత్రం ఒక జాగ్రత్త: అది పేగులో బైల్ యాసిడ్స్‌ను పట్టేసుకున్నట్టే ఉర్సోనూ, థైరాయిడ్ టాబ్లెట్‌నూ పట్టేస్తుంది. ఆ పొడికీ ఈ టాబ్లెట్లకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. వేళలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమను.

ప్రశ్న: మా ఆయనకు 52. తాగుడు వల్ల సిర్రోసిస్ అన్నారు. పద్నాలుగు నెలలుగా ముట్టుకోలేదు. బిలిరుబిన్ 1.1, ఎస్‌జీపీటీ 32, అన్నీ నార్మల్. ప్యాకేజీలో బైల్ యాసిడ్స్ మాత్రం 46. రిపోర్టు తప్పా? ఉర్సో కూడా వాడట్లేదు. (ఒక ఇల్లాలు, కరీంనగర్)

జవాబు: తప్పు కాదమ్మా, రెండూ నిజమే. పద్నాలుగు నెలలు మానేశారంటే అది మందులన్నిటికంటే పెద్ద పని చేసింది. ముందుగా ఆయనకు నా అభినందనలు చెప్పండి.

సిర్రోసిస్‌లో కాలేయం గట్టిపడి, పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. పంటకాలువ పూడిపోతే నీళ్ళు గట్టు తెంచుకుని చేను తడపకుండా పక్కనుంచి పోతాయి చూడండి, అలా కొంత రక్తం కాలేయాన్ని తాకకుండా పక్కదారి పడుతుంది. దాంతోపాటే బైల్ యాసిడ్స్ కూడా ఒంట్లోకి వచ్చేస్తాయి. మిగిలిన కణాలు పట్టుకునే శక్తీ తగ్గి ఉంటుంది. అందుకే సిర్రోసిస్‌లో బిలిరుబిన్ నార్మల్‌గా ఉండగానే ఇది పెరిగి కనిపిస్తుంది. ఎస్‌జీపీటీ 32 ఉందని కాలేయం బాగుపడిపోయింది అనుకోవద్దు. అది కణాలు ఇప్పుడు ఎంత దెబ్బతింటున్నాయో చెబుతుంది గానీ ఎంత మిగిలిందో చెప్పదు.

కానీ ఈ 46ను నెలనెలా కొలిపించి డబ్బు పోసుకోకండి. దీన్ని బట్టి ఆయన వైద్యంలో మారేది ఏమీ లేదు. జబ్బు తీవ్రతకు డాక్టర్లు కట్టే లెక్కల్లో బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు లెక్క), క్రియాటినిన్, సోడియం ఉంటాయి, బైల్ యాసిడ్స్ ఉండవు. ఆ డబ్బుతో ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్ తప్పకుండా చేయించండి, కాలేయంలో గడ్డ తొలిదశలో దొరికేది అక్కడే. అన్నవాహికలో నరాలు ఉబ్బాయేమో చూసే ఎండోస్కోపీ అయిందో లేదో అడగండి. పొట్టలో నీరు, నల్లటి మలం, రాత్రి మెలకువ పగలు మగత, మాట తడబాటు కనిపిస్తే అదే రోజు తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా పాపకు 47 రోజులు. కళ్ళు పచ్చగానే ఉన్నాయి. ఎండలో పడుకోబెడితే తగ్గుతుందని పెద్దవాళ్ళంటున్నారు. మలం సున్నం కలిపినట్టు తెల్లగా ఉంటోంది. బెంగళూరు తీసుకెళ్ళి బైల్ యాసిడ్స్ టెస్టు చేయించమంటారా? (ఒక తండ్రి, అనంతపురం జిల్లా)

జవాబు: ఈ ఉత్తరం పత్రికలో జవాబు కోసం ఆగేది కాదు. అందిన మధ్యాహ్నమే ఆ తండ్రికి ఫోన్ చేసి, మర్నాడే పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాను, వెళ్ళారు. ఇక్కడ రాస్తున్నది మిగతా అమ్మానాన్నల కోసం.

పుట్టిన రెండు వారాలు దాటినా కామెర్లు పోకపోతే ఎండ కాదు, డైరెక్ట్ బిలిరుబిన్ టెస్టు కావాలి. మలం తెల్లగా, పిండి ముద్దలా ఉంటే పైత్యరసం పేగులోకి రావడం లేదని అర్థం. పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బయితే కసాయి ఆపరేషన్ చేస్తారు. జపాన్ సర్జన్ మోరియో కసాయి పేరు మీద వచ్చింది. దాన్ని 60 రోజుల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. అంటే ఆ పాపకు మిగిలింది పదమూడు రోజులు. పైత్యరసం పారని ఏ జబ్బులోనైనా బైల్ యాసిడ్స్ పెరుగుతాయి కాబట్టి ఆ అంకె ఏ జబ్బో తేల్చదు. ఒక్కచోట మాత్రం అది తలకిందులుగా చెప్పి ఉపకారం చేస్తుంది. పుట్టుకతోనే బైల్ యాసిడ్స్ తయారుచేయలేని అరుదైన పిల్లలుంటారు. కామెర్లు ఉన్నా వాళ్ళ అంకె తక్కువగా ఉంటుంది. అప్పుడు మూత్రాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపి ఖాయం చేసుకుంటారు. వీళ్ళలో చాలామందికి కోలిక్ యాసిడ్ నోటి ద్వారా ఇస్తే కాలేయం నిలబడుతుంది. ఆ సంగతి పిల్లల లివర్ డాక్టర్ చూసుకుంటారు. మీరు చూడాల్సింది పాప మలం రంగు. అనుమానం ఉంటే పగటి వెలుగులో ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలులో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) రెండో సంవత్సరం. ప్రాక్టికల్స్‌లో మూత్రంలో బైల్ యాసిడ్స్ ఉన్నాయేమో గంధకం పొడితో చూసే హేస్ టెస్టు చేయిస్తున్నారు. మెషీన్లు వచ్చాక కూడా ఇది ఎందుకు?

జవాబు: ఎందుకంటే నాయనా, అంకె వెనక ఉన్న పదార్థాన్ని కంటితో చూసే అవకాశం నీకు మళ్ళీ రాదు. రెండు బీకర్లు పక్కపక్కన పెట్టుకో. ఒకదానిలో మామూలు మూత్రం, ఇంకోదానిలో కామెర్ల రోగిది. చిటికెడు గంధకం పొడి తీసుకుని వేళ్ళతో పైనుంచి మెల్లగా రాల్చు. మొదటిదానిలో పొడి నీటి మీద పసుపు తెట్టులా నిలిచిపోతుంది. రెండోదానిలో ఒక క్షణం ఆగి, దారాలు దారాలుగా కిందికి దిగుతుంది. మూత్రంలోకి వచ్చిన బైల్ సాల్ట్స్ (బైల్ యాసిడ్స్ లవణ రూపం) నీటి పైపొర బిగువును తగ్గించడం వల్ల ఇలా జరుగుతుంది. పేగులో నూనెను విడగొట్టేదీ ఈ గుణమే. నేను మొదటిసారి చూసినప్పుడు మా డెమాన్‌స్ట్రేటర్ అందరినీ వంగి బీకరు పక్కనుంచి చూడమన్నారు. పైనుంచి చూస్తే పొడి దిగడం తెలియదు. నువ్వూ అలాగే చూడు. 1844లోనే జర్మన్ శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్ పంచదార, గంధకామ్లం కలిపి బైల్ యాసిడ్స్‌కు ఎర్ర, ఊదా రంగు తెప్పించాడు. అక్కడి నుంచి ఇప్పటి ఎంజైమ్ దాకా వచ్చాం.

రేపు కౌంటర్‌లో కూర్చున్నాక రక్తకణాలు చిట్లి ఎర్రబడిన శాంపిల్, కొవ్వు ఎక్కువై పాలలా తెల్లబడిన శాంపిల్ మెషీన్‌కు ఎక్కించకు, రంగు కొలిచే పద్ధతిలో రెండూ లెక్క తప్పిస్తాయి. మళ్ళీ రక్తం అడగడానికి మొహమాటపడకు. బైల్ యాసిడ్స్‌కు ఎవరొచ్చినా మూడు మాటలు అడుగు: ఎన్ని గంటలకు తిన్నారు, ఉర్సో వాడుతున్నారా, గర్భిణా. 'టిఫిన్ 8:00, రక్తం 10:05, ఉర్సో లేదు, 33 వారాలు' అని ఫారం మీద రాయి. అందుకు గడి లేకపోతే ఫారం వెనక రాయి.